రేడియో నమూనాలలో చిన్న మోటార్లు: కదిలే భాగాలు, గేర్లు, జాగ్రత్తలు

చేతిలోని పెట్టె మీద పుల్లను కదిపితే దూరాన ఉన్న చిన్న వాహనమో పడవో ఆ ఆజ్ఞ ప్రకారం నడుస్తుంది. ఇటువంటి వాటిని రేడియో నియంత్రిత నమూనాలు అంటారు. ముందుకు, వెనుకకు నడవడం వీటిలో మొదటి మెట్టు మాత్రమే. ట్రాక్టరు ట్రాలీ పైకి లేచి మట్టిని కుమ్మరించడం, క్రేను కొక్కెం బరువును ఎత్తడం, ఓడ మీద రాడారు తిరగడం, అగ్నిమాపక పడవ నుంచి నీటిధార ఎగజిమ్మడం రెండో మెట్టు. వీటిని పని చేసే భాగాలు అనవచ్చు. ఒక్కొక్క భాగం వెనుక ఒక్కొక్క చిన్న విద్యుత్ మోటారు ఉంటుంది.

బడులలో జరిగే వైజ్ఞానిక ప్రదర్శనలకు పిల్లలు పని చేసే నమూనాలు తయారు చేయడం అన్ని రాష్ట్రాలలోనూ ఉన్నదే. ఇంట్లో చక్కగా తిరిగిన మోటారు ప్రదర్శన రోజున బరువు తగలగానే ఆగిపోవడం, తీగలు వేడెక్కి కాలిన వాసన రావడం తరచుగా జరుగుతాయి. అటువంటప్పుడు లోపం సాధారణంగా మోటారులో ఉండదు. మోటారుకు సహజంగా ఉన్నది వేగం. పనికి కావలసినది బలం. ఈ మార్పిడి ఎలా చేయాలి, కదిలిన భాగాన్ని సరైన చోట ఎలా ఆపాలి అన్న రెండు విషయాలు తెలిస్తే నమూనా నిలబడుతుంది.

కొంత చరిత్ర

విద్యుత్ ప్రవహించే తీగ అయస్కాంతం చుట్టూ ఎడతెగకుండా తిరుగుతుందని మైకేల్ ఫారడే 1821లో ప్రయోగపూర్వకంగా చూపాడు. మోటారుకు మూలం అదే. రేడియో తరంగాలతో దూరం నుంచి నడిపే చిన్న పడవను నికోలా టెస్లా 1898లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్రదర్శించాడు. ఆ పడవలో నడిపే మోటారుతో పాటు చుక్కానిని తిప్పే మోటారు వేరుగా ఉండేది. దీపాలు వెలిగించే ఏర్పాటు కూడా ఉండేది. కనుక పని చేసే భాగాల ఆలోచన రేడియో నమూనాతో పాటే పుట్టింది.

చిన్న మోటార్లు చౌకగా, విరివిగా దొరకడానికి జపాను కారణం. 1954లో ఏర్పడిన మబూచి సంస్థ బొమ్మల కోసం చిన్న మోటార్ల తయారీని పెద్ద పరిశ్రమగా మార్చింది. టామియా సంస్థ 1976లో తన మొదటి రేడియో నియంత్రిత కారును విడుదల చేసింది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో తక్కువ శక్తితో పని చేసే పరికరాలకు లైసెన్సు అవసరం లేకుండా 2005లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు జారీ చేసింది. నేడు దొరికే నమూనా రేడియోలు ఎక్కువగా ఈ పట్టీలోనివే.

మోటారు లోపల ఏముంది

బొమ్మలలో వాడే సాధారణ మోటారులో పై గొట్టానికి అంటుకొని రెండు శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. మధ్యలో ఇరుసు మీద రాగితీగ చుట్టలు ఉంటాయి. బ్రష్షులు అనే చిన్న లోహపు రేకులు తిరిగే చుట్టలకు విద్యుత్తును అందిస్తాయి. బ్యాటరీ తీగలను తారుమారు చేస్తే మోటారు ఎదురు దిక్కుకు తిరుగుతుంది.

దీని స్వభావాన్ని రెండు సూత్రాలలో చెప్పవచ్చు. వోల్టేజి పెరిగితే వేగం పెరుగుతుంది. మోయవలసిన బరువు పెరిగితే అది తీసుకొనే కరెంటు పెరుగుతుంది. రెండో సూత్రాన్ని మరచినప్పుడే మోటార్లు కాలిపోతాయి.

130 రకం అని పిలిచే మోటారును ఉదాహరణగా తీసుకొందాం. బొమ్మకార్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఇందులో 1.5 వోల్టులకు తయారైన ఒక సాధారణ రకం బరువేమీ లేనప్పుడు నిమిషానికి సుమారు 9 వేల చుట్లు తిరుగుతూ 0.2 ఆంపియర్ల కరెంటు తీసుకొంటుంది. హాయిగా పని చేసే స్థితిలో వేగం సుమారు 7 వేల చుట్లకు దిగి, కరెంటు 0.66 ఆంపియర్లకు చేరుతుంది. ఇరుసును గట్టిగా పట్టి ఆపివేస్తే కరెంటు 2.2 ఆంపియర్లకు ఎగబాకుతుంది. అంటే ఖాళీగా తిరిగేటప్పటి కంటే పదకొండు రెట్లు. తిరగని మోటారు ఏ పనీ చేయదు కనుక ఆ శక్తి అంతా వేడిగా మారుతుంది. వేలెడంత మోటారు కొద్ది సేపటిలోనే చేతికి కాలేంత వేడెక్కడానికి ఇదే కారణం.

గేరు: రాట్నానికి తలకిందులు

రాట్నంలో పెద్ద చక్రం ఒకసారి తిరిగితే చిన్న కదురు ఎన్నోసార్లు తిరుగుతుంది. అక్కడ చేతి బలాన్ని ఇచ్చి వేగాన్ని కొనుక్కొంటాం. గేరు పెట్టెలో జరిగేది దీనికి తలకిందులు. మోటారు ఇరుసుకు చిన్న పళ్ళచక్రం, దానికి ఆనుకొని పెద్ద పళ్ళచక్రం ఉంటాయి. చిన్నది పది చుట్లు తిరిగితే పెద్దది ఒక చుట్టు తిరిగేటట్లు అమర్చితే వేగం పదో వంతు అవుతుంది. తిప్పే బలం, రాపిడికి పోయినది పోగా, దాదాపు పది రెట్లవుతుంది. దీనినే పదికి ఒకటి నిష్పత్తి అంటారు. వేగం, బలం రెండూ ఉచితంగా రావు. ఒకటి ఇస్తేనే మరొకటి వస్తుంది.

తిప్పే బలాన్ని అంగడి పొట్లాల మీద గ్రాము-సెంటీమీటర్లలోనో కిలో-సెంటీమీటర్లలోనో ముద్రిస్తారు. ఇరుసు నడిమి నుంచి ఒక సెంటీమీటరు దూరాన తాడు కట్టి వేలాడదీస్తే ఎంత బరువును ఎత్తగలదో అదే ఆ లెక్క.

క్రేను నమూనా అరకిలో బరువును ఎత్తవలెననుకొందాం. తాడు చుట్టుకొనే డ్రమ్ము అడ్డుకొలత ఒక సెంటీమీటరు. నడిమి నుంచి అంచుకు అర సెంటీమీటరు కనుక కావలసిన బలం 500 గ్రాములను 0.5తో హెచ్చిస్తే 250 గ్రాము-సెంటీమీటర్లు. పైన చెప్పిన 130 మోటారు హాయిగా ఇవ్వగలిగినది 6 మాత్రమే. 250ని 6తో భాగిస్తే దాదాపు 42 వస్తుంది. గేర్ల రాపిడికి సగం బలం పోతుందని పెట్టుకొంటే 84 కావాలి. కాబట్టి వందకు ఒకటి నిష్పత్తి గల గేరు పెట్టె తీసుకోవాలి. అప్పుడు డ్రమ్ము నిమిషానికి 70 చుట్లు తిరుగుతుంది. ఒక్కో చుట్టుకు 3.14 సెంటీమీటర్ల తాడు చుట్టుకొంటుంది కనుక బరువు నిమిషానికి సుమారు 220 సెంటీమీటర్ల ఎత్తుకు లేస్తుంది. బల్ల మీది క్రేనుకు ఇది చాలినంత వేగం. డ్రమ్మును రెండింతలు లావు చేస్తే బరువు రెండింతలు వేగంగా లేవవలసి వస్తుంది. మోటారు దానికి తగిన బలాన్ని ఇవ్వలేక మొరాయిస్తుంది.

రాడారు విషయంలో బరువు సమస్య లేదు, వేగమే సమస్య. నిజమైన ఓడ మీద రాడారు నిమిషానికి సుమారు 24 చుట్లు తిరుగుతుంది. నేరుగా మోటారు ఇరుసుకు తగిలిస్తే అది రాడారులా కాక పంకాలా కనిపిస్తుంది. మూడు వందలకు ఒకటి నిష్పత్తి పెడితే చూపరులకు నమ్మకం కలుగుతుంది. నమూనాలో సహజత్వం రంగులో కన్నా కదలికలోని నిదానంలోనే ఎక్కువగా కనబడుతుంది.

ట్రాలీని లేపడానికి మర కమ్మీ మేలు. 4 మిల్లీమీటర్ల లావు గల సాధారణ మర కమ్మీ ఒక చుట్టు తిరిగితే దాని మీది నట్టు 0.7 మిల్లీమీటర్లు జరుగుతుంది. నిమిషానికి 200 చుట్లు తిరిగే గేరు మోటారుకు దీనిని కలిపితే నట్టు నిమిషానికి 140 మిల్లీమీటర్లు నడుస్తుంది. అంటే 40 మిల్లీమీటర్ల కదలికకు దాదాపు 17 సెకన్లు పడుతుంది. ఇది నిజమైన ట్రాలీ లేచే తీరుకు దగ్గరగా ఉంటుంది. దీనిలో మరొక సుగుణం ఉంది. కరెంటు ఆగినా ట్రాలీ కిందికి జారదు. బరువు కమ్మీని వెనక్కు తిప్పలేదు. వర్మ్ గేరు అని పిలిచే మర గేరులో కూడా, నిష్పత్తి ఎక్కువగా ఉన్నప్పుడు, ఇదే గుణం ఉంటుంది. బరువు వేలాడే చోట ఈ రెండింటిలో ఒకటి వాడడం క్షేమం.

ఏ మోటారు ఏ పనికి

పిల్లవాడు కన్నడ బడిలో చదివినా, తమిళం, ఒడియా, మరాఠీ బడులలో చదివినా అంగడిలో ఈ సామాను పేర్లు ఒకటే: గేర్ మోటర్, సర్వో, రిలే. కొనేటప్పుడు మూడు అంకెలు చూడాలి: వోల్టేజి, నిమిషానికి చుట్లు, తిప్పే బలం. మూడూ లేని పొట్లం చవకగా దొరికినా లెక్కకు పనికిరాదు.

పసుపు పచ్చని ప్లాస్టిక్ గేరు మోటారు 3 నుంచి 6 వోల్టులతో నడుస్తుంది. దీని నిష్పత్తి 48కి ఒకటి. 6 వోల్టుల వద్ద నిమిషానికి సుమారు 200 చుట్లు తిరుగుతుంది. చక్రాలకు, మర కమ్మీకి ఇది సరిపోతుంది. ఎన్ 20 అనే మోటారు గేరు పెట్టె కేవలం 12 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. గేర్లు లోహంతో చేసినవి. అనేక నిష్పత్తులలో దొరుకుతుంది. ఇరుకైన నమూనాలో రాడారుకు, క్రేనుకు ఇదే అనువు.

సర్వో అనేది మోటారు, గేర్లు, స్థానాన్ని కొలిచే భాగం, నియంత్రణ పలక అన్నీ ఒకే డబ్బాలో ఉన్న పరికరం. ఇది తిరుగుతూ పోదు. చెప్పిన కోణానికి వెళ్ళి అక్కడే నిలుస్తుంది. చుక్కాని, తలుపు, క్రేను చేయి వంటి వాటికి ఇది తగినది. 9 గ్రాముల బరువున్న చిన్న సర్వో 4.8 వోల్టుల వద్ద 1.8 కిలో-సెంటీమీటర్ల బలం ఇస్తుందని తయారీదారులు చెబుతారు. అది ఆగిపోయే హద్దు కనుక, అందులో మూడో వంతు మీద లెక్క వేసుకోవడం మంచిది. లేకపోతే లోపలి ప్లాస్టిక్ పళ్ళు విరుగుతాయి.

పాత సామానులోని మోటార్లు చాలా పనికొస్తాయి గాని వాటి గుణం తెలియాలి. డీవీడీ ప్లేయరులో పళ్ళెం బయటికి తెచ్చే మోటారు సాధారణమైనది. రెండు దిక్కులా తిరుగుతుంది. అదే ప్లేయరులో డిస్కును తిప్పే మోటారు తరచుగా బ్రష్షులు లేనిది. బ్యాటరీకి నేరుగా తగిలిస్తే తిరగదు. టేప్ రికార్డరు మోటారులో చాలా వాటికి వేగాన్ని స్థిరంగా ఉంచే పలక లోపలే ఉంటుంది. అది ఒక దిక్కుకే తిరుగుతుంది. తీగలు తారుమారు చేస్తే వెనుకకు తిరగకపోగా లోపలి పలక చెడిపోవచ్చు. కాబట్టి రాడారు వంటి ఒకే దిక్కు పనికి అది మంచిది, క్రేనుకు కాదు. పాత సెల్‌ఫోనులోని వణుకు మోటారును ఇంజను గదిలో అతికిస్తే బండి స్టార్టు అయినట్లు అదురుతుంది.

అగ్నిమాపక పడవకు కారు అద్దాలు కడిగే 12 వోల్టుల పంపు వాడేవారున్నారు. పడవ అడుగు నుంచే నీటిని తోడి పైకి చిమ్ముతుంది. ఆ పంపులు కొద్ది క్షణాల వాడకానికే తయారైనవి, ఎడతెగకుండా నడపకూడదు.

రేడియో నుంచి మోటారు దాకా

చేతిలో ఉండేది ట్రాన్స్‌మిటర్. నమూనాలో ఉండేది రిసీవర్. ఒక్కొక్క ఆజ్ఞకు ఒక్కొక్క చానల్ కావాలి. నడకకు ఒకటి, మలుపుకు ఒకటి పోగా, ప్రతి పని చేసే భాగానికి మరొకటి చొప్పున ఉండాలి. ట్రాలీ, క్రేను రెండూ కావాలంటే కనీసం నాలుగు చానళ్ళ రేడియో అవసరం.

రిసీవరు మోటారును నడిపే కరెంటును ఇవ్వదు; సంకేతాన్ని మాత్రమే ఇస్తుంది. ఆ సంకేతం దాదాపు ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒకసారి వచ్చే చిన్న విద్యుత్ తరగ. తరగ నిడివి 1 మిల్లీసెకను ఉంటే ఒక కొస, 2 ఉంటే రెండో కొస, 1.5 ఉంటే మధ్య స్థానం. సర్వోకు ఈ భాష తెలుసు. సాధారణ మోటారుకు తెలియదు. మోటారును నేరుగా రిసీవరుకు తగిలిస్తే రిసీవరు పాడవుతుంది. మధ్యలో ఒక దుబాసీ కావాలి. దానికి మూడు మార్గాలున్నాయి.

మొదటిది, ఒక చిన్న సర్వో చేయి అటూ ఇటూ కదిలి రెండు స్విచ్చులను నొక్కడం. ఇది పాత పద్ధతి అయినా కంటికి కనిపించే పద్ధతి కనుక నేర్చుకొనే పిల్లలకు చాలా మంచిది. రెండోది, బ్రష్షు మోటార్లకు తయారైన ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్. వేగాన్ని కొంచెం కొంచెంగా పెంచాలన్నా, రెండు దిక్కులా తిప్పాలన్నా ఇదే సరైనది. ముందుకు, వెనుకకు రెండూ తిప్పేదేనా అని అడిగి తీసుకోవాలి. కొన్ని ముందుకు మాత్రమే తిప్పుతాయి. మూడోది, రేడియో స్విచ్. వెలిగించడం, ఆర్పడం తప్ప మరేమీ అక్కరలేని రాడారుకు, పంపుకు ఇది చాలు.

రెండు స్పీడ్ కంట్రోలర్లు ఒకే రిసీవరుకు కలిపేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. ఒక్కొక్కటి రిసీవరుకు తన నుంచే కరెంటు ఇస్తుంది. రెండూ ఒకేసారి ఇస్తే ఇబ్బంది రావచ్చు. సాధారణంగా ఒకదాని ఎర్ర తీగను ఊడదీసి, చివరకు టేపు చుట్టి వదిలేస్తారు.

ఆపడం ఎలా

ట్రాలీ పైకి లేవడం చూసి చప్పట్లు కొట్టే లోపల నట్టు మర కమ్మీ చివరికి చేరి బిగుసుకొంటుంది. మోటారు ఆగిపోతుంది, కరెంటు మాత్రం పారుతూనే ఉంటుంది. ఇక్కడే ఎక్కువ నమూనాలు దెబ్బ తింటాయి. పుల్లను సరైన క్షణంలో వదిలే చురుకుదనం మీద ఆధారపడకుండా, నమూనాయే తనంతట ఆగేటట్లు చేయాలి.

అందుకు ప్రతి కొసకు ఒక మైక్రో స్విచ్ పెడతారు. మామూలుగా కలిసి ఉండి, నొక్కినప్పుడు విడిపోయే కాళ్ళను ఎంచుకోవాలి. మోటారుకు పోయే తీగను ఈ రెండు స్విచ్చుల గుండా వరుసగా తీసుకువెళతారు. ట్రాలీ పై కొసకు రాగానే స్విచ్చి నొక్కుకొని కరెంటు తెగిపోతుంది. మరి దించడం ఎలా? స్విచ్చి రెండు కాళ్ళ మధ్య ఒక డయోడును అడ్డంగా టంకం పెడతారు. డయోడు కరెంటును ఒకే దిక్కుకు పోనిస్తుంది. పైకి పోయే కరెంటును అది అడ్డుతుంది. దించే కరెంటును వదులుతుంది. పుల్లను వెనుకకు లాగగానే ట్రాలీ దిగడం మొదలవుతుంది, స్విచ్చి మళ్ళీ కలుసుకొంటుంది. కింది కొసకు ఎదురు దిక్కుగా మరో డయోడు పెట్టాలి. ఒక ఆంపియరు లోపు కరెంటు తీసుకొనే మోటారుకు అంగడిలో అతి చవకగా దొరికే 1ఎన్ 4007 డయోడు చాలు. డయోడు 0.7 నుంచి 1 వోల్టు వరకు మింగుతుంది. అందుచేత ఈ ఏర్పాటు 6 వోల్టుల మోటార్లకు బాగా నప్పుతుంది, ఒకే సెల్లుతో నడిచే మోటారుకు నప్పదు.

స్విచ్చి పెట్టడానికి చోటు లేకపోతే రబ్బరు పట్టీతో తిప్పే కప్పీలు వాడవచ్చు. బిగుసుకొన్నప్పుడు పట్టీ జారుతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, కాలదు.

సర్వో వణుకుతుంటే

బ్రష్షుల వద్ద పుట్టే సన్నని నిప్పురవ్వలు రేడియో గోలను పుట్టిస్తాయి. దానివల్ల సర్వోలు తమంతట తాము వణుకుతాయి. విరుగుడు 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు మూడు. ఒకటి మోటారు రెండు కాళ్ళ మధ్య, మిగిలిన రెండూ ఒక్కొక్క కాలి నుంచి మోటారు లోహపు గొట్టానికి టంకం పెట్టాలి. మోటారు తీగలను మెలిపెట్టి, రిసీవరుకు, దాని ఏరియల్‌కు దూరంగా నడపాలి. అప్పటికీ వణుకు ఆగకపోతే బ్యాటరీని అనుమానించాలి. పెద్ద మోటారు బయలుదేరే క్షణంలో వోల్టేజి పడిపోయి రిసీవరు తికమకపడుతుంది. పని చేసే భాగాలకు విడిగా ఒక బ్యాటరీ పెడితే ఈ చిక్కు తీరుతుంది.

బ్యాటరీలు, ప్రమాదాలు

పిల్లల నమూనాలకు తిరిగి చార్జి చేసుకొనే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు క్షేమకరం. ఒక్కొక్కటి 1.2 వోల్టులు, ఐదు కలిపితే 6 వోల్టులు. లిథియం సెల్లు మామూలుగా 3.7, పూర్తిగా నిండినప్పుడు 4.2 వోల్టులు ఇస్తుంది. శక్తి ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువే. ఉబ్బినదాన్ని, గుచ్చుకున్నదాన్ని, పాత ల్యాప్‌టాప్ నుంచి ఊడదీసినదాన్ని పిల్లల చేతికి ఇవ్వకూడదు. దానికి తగిన చార్జరుతోనే, పెద్దలు ఎదుట ఉండగానే చార్జి చేయాలి. రాత్రి పెట్టి నిద్రపోకూడదు.

బ్యాటరీ ఎర్ర తీగకు ఆనుకొని ఒక ఫ్యూజు తప్పక ఉండాలి. చిన్న నమూనాకు 2 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. ప్రదర్శన బల్ల మీద తీగలు ఒకదానికొకటి తగిలితే తెగవలసినది ఫ్యూజు. కాలవలసినది నమూనా కాదు. ఇంటి గోడ ప్లగ్గు నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును ఏ నమూనాకూ నేరుగా తగిలించరాదు. మిక్సీ, ఫ్యాను మోటార్లు ఈ పనికి కావు.

ప్రదర్శనకు ముందు పరీక్ష

మోటారు గుయ్యిమని తిరగకపోతే ముందుగా గేరు పెట్టెను విడదీసి చూడాలి. విడిగా తిరిగితే బిగువు గేర్లలోనో బరువులోనో ఉంది. విడిగా కూడా తిరగకపోతే సెల్లు నీరసించింది లేదా టంకం ఊడింది. ఒక దిక్కే తిరిగితే డయోడు తలకిందులుగా ఉందేమో చూడాలి. కొసల వద్ద ఆగకపోతే మైక్రో స్విచ్‌ను, డయోడును కలిపిన తీరును సరిచూడాలి.

ప్రదర్శనలో నమూనా ఒక్కసారి కాదు, వచ్చిన ప్రతివారి కోసం మళ్ళీ మళ్ళీ పని చేయాలి. కాబట్టి ఇంటి వద్దనే నిజమైన బరువుతో ఇరవై సార్లు వరుసగా లేపి దించి, ఐదేసి సార్లకు ఒకసారి మోటారును వేలితో తాకి చూడాలి. గోరువెచ్చగా ఉంటే లెక్క సరిపోయింది. వేలు నిలవనంత వేడి ఉంటే వోల్టేజి పెంచడం పరిష్కారం కాదు. గేరు నిష్పత్తి పెంచాలి, లేదా బరువు తగ్గించాలి. అదనంగా ఒక మోటారు, రెండు ఫ్యూజులు, నిండిన సెల్లుల జత సంచిలో ఉంచుకొంటే ప్రదర్శన రోజున పిల్లవాడు చెప్పవలసిన విషయం మీద మనసు పెట్టగలుగుతాడు.